పదిహేను నిమిషాల అప్ప

అప్ప మా ఇంట్లో ఏనాడూ ఇచ్చిన గ్లాసుతో ఇచ్చినట్టు మంచినీళ్ళు తాగలేదు. ముందు గ్లాసు వాసన చూసేది. తర్వాత వెలుతురుకేసి పట్టి అడుగు చూసేది. స్టీలు గ్లాసులోంచి ఆవిడకి ఏం వెలుతురు కనిపించేదో ఆ భగవంతుడికే తెలియాలి. ఆ పైన నాలుగు చుక్కలు అందులో పోసి, గిర్రున తిప్పి, పెరట్లో పారబోసి, మళ్ళీ నింపుకొని అప్పుడు తాగేది. ఏ ఇల్లాలికైనా ఒళ్ళు మండదా? నాకు మండేది.

"అప్పా, మా ఇంట్లో గ్లాసులు తోముకునే వాడుతున్నాం" అనేదాన్ని.

"తోమే ఉంటావు చెల్లీ. దేంతో తోమేవో, ఎన్ని నీళ్ళు పోసేవో నాకేటి తెల్సు?" అనేది, ఏమాత్రం నొచ్చుకోకుండా.

పోయిన వారం నందిని గనుల ఊరినుంచి ఆవిడ మేనల్లుడు వచ్చాడు. భిలాయి వైశాలి నగర్‌లో మా గేటు ముందు స్కూటర్ ఆపి, హెల్మెట్ తియ్యకుండానే, "ఆంటీ, బువా నహీ రహీ" అన్నాడు. యాభై దాటినవాడే గానీ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, మేనత్త చావు కబురు తెలుగులో చెప్పడం అతనికి చేతకాదు. కూర్చోమని లోపలికి వెళ్ళి మంచినీళ్ళకి గ్లాసు తీశాను. తీసి, నాకు తెలియకుండానే వాసన చూశాను. అప్పుడు వచ్చింది ఏడుపు. ఏడుపు వెనకే భయం కూడా వచ్చింది. ఆవిడ గురించి నేను నలుగురిలో చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. అది నలభై ఏళ్ళుగా నా నోట్లోనే ఉండిపోయింది.

ఆవిడ సాలూరు దగ్గరి మనిషి. అన్నగారు నందిని సున్నపురాతి గనుల్లో ఉద్యోగానికి వస్తే ఆయన వెంట వచ్చి, రాయపూర్‌లో లేబ్ పని నేర్చుకుంది. డెబ్బైల్లో భిలాయిలో సుపేలా వైపు పది మంచాల చిన్న ప్రసూతి ఆసుపత్రి ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. అందులో వెనక గది లేబ్, ఆ లేబ్ అంతా ఆవిడ ఒక్కర్తే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదప్పా అని అడిగితే "ఆలోచిస్తన్నాను" అనేది, నలభయ్యో ఏట కూడా.

ఆవిడంత గాభరా మనిషిని నేను పుట్టి చూడలేదు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగేది, వీధి చివరిదాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళి లాగేది. ఉత్తరం రాస్తే పదిహేను నిమిషాలు ఆగి, ఇంకోసారి చదువుకుని గానీ అంటించేది కాదు. షిఫ్టు మారే భోంగా సైరన్ మోగి ఉక్కు ప్లాంటు గేట్లోంచి సైకిళ్ళు బారులు తీరితే ఆఖరి సైకిలు పోయేదాకా రోడ్డు దాటేది కాదు. ఆఖరిది పోయాక కూడా, "ఇంకోడు వస్తాడేమో, ఆగు" అనేది. ఎవరేమడిగినా పదిహేను నిమిషాలు ఆగమంటుంది గనక మా ఆయన ఆవిడకి పదిహేను నిమిషాల అప్ప అని పేరు పెట్టారు. రోలింగ్ మిల్లులో ఎర్రటి ఇనుము ఉరుకుతుంటే దాని వెంట ఉరికే మనిషాయన. ఆవిణ్ణి చూస్తే ఆయనకి నవ్వాగేది కాదు. అప్పట్లో మేముండే సెక్టర్ సెవెన్‌లో తెలుగువాళ్ళందరికీ ఆ పేరు పాకిపోయింది.

"పర్వాలేదు" అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. "చూద్దాం" అనేది. బాగా ఆనందం కలిగితే, "ఏటో, ఇంత బాగుంటే నాకు గుబులు" అనేది.

చీరలన్నిటికీ చిల్లులే. గాజు గొట్టాలు కడగడానికి ఏదో నారింజరంగు ఆసిడ్ వాడేది, అది చింది పడిన చోటల్లా బట్ట తినేసేది. కుడిచేతికి గాజులు వేసుకునేది కాదు, గొట్టానికి తగులుతాయని. గడియారం మణికట్టు లోపలివైపుకి తిప్పి కట్టుకునేది. ఆ గడియారం చూసుకుంటూ గొట్టాన్ని బొటనవేలితో మూసి కుదుపుతుంటే మనిషి మొత్తం ఊగిపోయేది, జడ అటూ ఇటూ కొట్టుకునేది. లెక్క మాత్రం పైకే పెట్టేది. పదిహేను దగ్గర టక్కున ఆగి, గొట్టాన్ని చెక్క చట్రంలో నిలబెట్టి, ఇక దానికేసి అలా చూస్తూ కూర్చునేది. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చంపేసేట్టు చూసేది.

ఆ కుదుపుడు ఏమిటో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

నా మొదటి కాన్పుకి ఎనిమిదో నెల నడుస్తుండగా కాళ్ళు పొంగాయి, బీపీ పెరిగింది. అలా వదిలేస్తే గుర్రపువాతం వచ్చి మూర్ఛలు పడతాయి, తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పు. ముందే కాన్పు చేసేద్దామంటే బిడ్డ ఊపిరితిత్తులు తయారయ్యాయో లేదో తెలియదు. మా డాక్టరమ్మ నాగపూర్ మనిషి, బొంబాయిలో చదువుకుని అప్పుడే కొత్తగా వచ్చిన పరీక్ష ఒకటి పట్టుకొచ్చింది. కడుపులోకి సూది గుచ్చి కాస్త ఉమ్మనీరు తీస్తారు. అందులో స్పిరిట్ కలిపి, గాజు గొట్టంలో పోసి కుదిపి, పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచుతారు. అప్పటికి అంచు చుట్టూ నురుగు నిలిచివుంటే బిడ్డ ఊపిరితిత్తులు పండినట్టు, విరిగిపోతే పచ్చివన్నట్టు. ఆసుపత్రిలో సీసాలకి ఎప్పుడూ కరువే. చిన్న సీసా ఒకటి శుభ్రంగా కడిగి ఇంటినుంచి తెచ్చుకోమన్నారు. కాన్పుకి సాయం వచ్చిన మా అమ్మ కడిగి తెచ్చింది.

పరీక్ష రోజున డాక్టరమ్మ లేబ్ గుమ్మంలోంచి, "ఝాగ్ టికా క్యా?" అని అడిగింది, నురుగు నిలిచిందా అని. లోపల్నుంచి అప్ప గొంతు వినిపించింది, "టికా, దీదీ." అంతే, నాకు నొప్పులు రావడానికి మందు పెట్టారు.

మగపిల్లాడు. పుట్టగానే ఏడ్చాడు కూడా. గంట తిరక్కుండా మూలగడం మొదలుపెట్టాడు. ఊపిరి విడిచినప్పుడల్లా మూలుగు, తీసుకున్నప్పుడల్లా పక్కటెముకలు లోపలికి పోవడం. అప్ప వచ్చి వాడి పక్కన నిలబడి, గడియారం చూసుకుంటూ ఊపిర్లు లెక్కపెట్టింది. లెక్క ఎంతో నాకు చెప్పలేదు. రెండో రోజు మధ్యాహ్నం మూలుగు ఆగిపోయింది. ఆగిందని నేను సంబరపడ్డాను, వెర్రిమొహాన్ని. నిద్రపోతున్నాడనుకున్నాను.

పదకొండో రోజున ఇంటికొచ్చింది ఆవిడ. ఓదార్చడం ఆవిడకి రాదు. గుమ్మంలోనే నిలబడి, "నిలిచింది చెల్లీ. నురుగు నిలిచింది. నా కళ్ళతో చూశాను" అని ఒకే ముక్క నాలుగుసార్లు అంది. నేను మొహం తిప్పుకున్నాను. మా అమ్మ ఆవిడకి కాఫీ ఇచ్చింది. గ్లాసు వాసన చూస్తుంటే, ఆ దుఃఖంలో కూడా మా అమ్మ నాకేసి చూసి కళ్ళెగరేసింది.

తర్వాత వస్తూనే ఉండేది, ప్రతి ఆదివారం, రమ్మన్నా రావద్దన్నా. మిగతావాళ్ళందరూ రాత అన్నారు, పూర్వజన్మ అన్నారు, గ్రహాలన్నారు. ఆవిడ ఒక్కర్తే నేనడిగిన దానికి జవాబు చెప్పడానికి కూర్చుంది. వాడెందుకు పోయాడు అని అడిగాను.

లేబ్‌లోంచి రెండు గాజు పలకలు తెచ్చి తడిపి, ఒకదానిమీద ఒకటి పెట్టి నా చేతికిచ్చింది. "లాగు" అంది. ఎంత లాగినా ఊడవు. "ఊపిరితిత్తుల్లో గాలి గదులుంటాయి చెల్లీ, ఆవగింజకన్నా చిన్నవి. లోపలంతా తడి. ఊపిరి విడిచినప్పుడల్లా ఇలాగే అతుక్కుపోతాయి. అతుక్కోకుండా లోపల ఓ జిడ్డు పూత ఉండాలి. ఆ గదుల గోడల్లో ఉన్న కణాలే దాన్ని తయారుచేసి, పొట్లాలు కట్టి ఉంచుకుని, సమయానికి బయటికి వదుల్తాయి. మీవాడికి అది చాల్లేదు. ప్రతి ఊపిరికీ ఈ పలకలు ఊడదీసుకున్నాడు పాపం."

నాకు ఏడుపు రాలేదు. మొదటిసారి కాస్త తెరిపిగా అనిపించింది. వాడు ఏం చేస్తూ అలసిపోయాడో తెలిసింది మరి. నేను వంటింట్లో అట్లు వేసుకుంటుంటే వెనకే వచ్చి నిలబడి పెనంకేసి చూస్తూ, "ఇదిగో, ఈ నూనె లాంటిదే ఆ పూత" అంది. అనేసి తనే మళ్ళీ గుబులుపడింది. "కానీ నూనె పోసి వదిలేస్తే ఓ మూలకి చేరిపోతుంది కదా. నువ్వు ఉల్లిపాయ చెక్కతో రాస్తన్నావు. అక్కడ ఎవరు రాస్తన్నారంటావు?"

"నాకేం తెలుసప్పా?" అన్నాను.

"నాకూ తెల్దు" అంది. ఆ ప్రశ్న ఆవిణ్ణి పట్టుకుంది. డాక్టరమ్మకి ఓడలమీద నెలల ఆలస్యంగా వచ్చే వైద్య పత్రికలు అడిగి తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేది. ఎప్పుడు కలిసినా, "ఇంకా తెల్లేదు చెల్లీ" అని చెప్పేది, అదేదో నేను ఎదురుచూస్తున్నట్టు.

మూడేళ్ళకి నాకు మళ్ళీ కడుపు నిలిచింది. మళ్ళీ ఎనిమిదో నెల, మళ్ళీ కాళ్ళ పొంగు, బీపీ. ఈసారి తలనొప్పి కూడా. కళ్ళముందు మెరుపులు మెరిసేవి. నాకు పగలంతా ఒకటే ఆలోచన, మళ్ళీ ఆ మూలుగు వినాల్సి వస్తుందా అని. బొబ్బిలి నుంచి అమ్మ దిగింది, మడిగుడ్డలతో, ఆవకాయతో, గుమ్మడివడియాలతో, ఓ సంచీడు కుంకుడుకాయలతో. మా అమ్మ శుభ్రం సంగతి చెప్పాలి. సబ్బులో ఏ జంతువు కొవ్వో కలుపుతారని సబ్బు ముట్టేది కాదు. తలకీ కుంకుడే, పట్టుచీరలకీ కుంకుడే, దేవుడి వెండిసామానుకీ కుంకుడే. భిలాయిలో దొరికే కాయలు పుచ్చువని వాటిని ఊరినుంచి మోసుకొచ్చేది.

ఆసుపత్రివాళ్ళు మళ్ళీ అదే మాట, సీసా తెచ్చుకోమని. అమ్మ తెచ్చింది. సూది గుచ్చి తీసిన నీటిని డాక్టరమ్మ అందులో పోస్తే, అమ్మే రెండు చేతులతో తీర్థంలా పట్టుకుని వెనకగదికి తీసుకెళ్ళి ఇచ్చింది. నేను వరండాలో మంచం మీద ఉన్నాను. లేబ్ కిటికీ నాకు కనిపిస్తోంది. ఈసారి ఒక గొట్టం కాదు, వరసగా ఐదు, ఒకదానికన్నా ఒకదాంట్లో నీరు పలచన. అప్ప ఒక్కొక్కటీ కుదిపి పెడుతోంది. నేను గోడగడియారం చూస్తున్నాను. అమ్మ పైడితల్లమ్మకి మొక్కుకుంటోంది.

పదిహేను నిమిషాలయ్యాక అమ్మ కిటికీలోంచి తొంగిచూసి, "ఓలమ్మా! ఐదిట్లోనూ ఉన్నాది నురుగు! పాలపొంగులాగ ఉన్నాదే నా తల్లీ!" అని అరిచింది. మా ఆయన చేతులు జోడించారు. డాక్టరమ్మ నవ్వుతూ వచ్చి, "టికా?" అంది.

కాసేపటికి అప్ప బయటికొచ్చింది, మొహం పాలిపోయి.

"నిలిచింది దీదీ. కానీ నాకు నచ్చలేదు. ఆఖరి గొట్టంలో నిలవకూడదు. నెలలు నిండినవాళ్ళకే అందులో నిలవదు, ఈ పిల్లకి ఎలా నిలుస్తుంది?"

"మంచిదే కదా!" అన్నారు మా ఆయన.

"ఇంత మంచిది ఉండదు బాబూ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "అప్పా, నీ గుబులు నీ దగ్గర పెట్టుకో. నీకు రోడ్డన్నా భయమే, తాళమన్నా భయమే. నా బిడ్డ దగ్గర కూడానా?" అని అరిచాను. ఆవిడ అమ్మకేసి తిరిగి, చాలా మెల్లగా అడిగింది.

"పిన్నమ్మా, ఈ సీసా దేంతో కడిగేరు?"

"ఏటమ్మా అలగంటావు? నాకు శుభ్రం తెల్దనా? కుంకుడుకాయ తొక్కలేసి, గలగలా ఊపి, మూడు నీళ్ళు పోసేను. సబ్బు తగల్నిచ్చేననుకున్నావా?"

అమ్మ నొచ్చుకుని అవతలికి వెళ్ళిపోయింది. అప్ప లోపలికెళ్ళి ఆ సీసాలో మిగిలిన నీటిని వేరే గొట్టంలోకి వంచేసి, ఖాళీ సీసాలో మంచి డిస్టిల్డ్ వాటర్ పోసింది. అందులో ఇంత స్పిరిట్ పోసింది. రబ్బరు మూత పెట్టి కుదిపింది. కుదిపి తెచ్చి నా మంచం పక్కన స్టూలు మీద పెట్టి, గడియారం చూస్తూ నిలబడింది. పదిహేను నిమిషాలయ్యాయి. నా బిడ్డ ఊసే లేని వట్టి నీళ్ళలో, సీసా మెడ చుట్టూ తెల్లటి నురుగు అలాగే ఉంది.

నీరు చాల్లేదని అమ్మకి చెప్పి మళ్ళీ సూది గుచ్చారు. ఈసారి ఆవిడ తన ఆసిడ్‌తో కడిగి ఆరబెట్టుకున్న గొట్టంలోనే పట్టింది. మొదటి గొట్టంలోనే నురుగు చూస్తుండగా చిటచిటా విరిగిపోయింది, అంచున రెండంటే రెండు బుడగలు మిగిలాయి. పచ్చి ఊపిరితిత్తులు. డాక్టరమ్మ తలపట్టుకుంది. పూత తొందరగా తయారవడానికి తల్లికి ఇచ్చే ఇంజక్షన్లు కొత్తగా వచ్చాయనీ, అవి పనిచెయ్యడానికి రెండు రోజులు పడుతుందనీ, ఆ రెండు రోజులూ నా బీపీ ఆగాలనీ చెప్పింది.

ఆ రెండు రోజులూ నేనెలా ఉన్నానో చెప్పలేను. గది చీకటి చేసి పడుకోబెట్టారు. ఎవరైనా చెంచా కింద పడేస్తే ఉలిక్కిపడేదాన్ని. మెరుపు మెరిస్తే, ఇదే గుర్రపువాతమేమో, ఇంతటితో సరేమో అనుకునేదాన్ని. బిడ్డ తన్నకపోతే భయం, గట్టిగా తన్నినా భయమే. అప్ప పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, పదిహేను నిమిషాలకోసారి నా నాడి చూసేది. గాభరా మనిషి పక్కనుంటే ఇంకా గాభరా కదా! కానీ ఆవిడ భయం చూస్తుంటే నాకు చిత్రంగా ధైర్యం వచ్చేది. నా భయం కూడా ఆవిడే పడుతోంది, నేను కాసేపు కళ్ళు మూసుకోవచ్చు అనిపించేది.

రెండో రోజు అమ్మ వేణ్ణీళ్ళకి వెళ్ళినప్పుడు అప్ప అడిగింది. పైకి కాదు, నా చెవి దగ్గర.

"చెల్లీ, అప్పుడు కూడా మీ అమ్మే కడిగిందా సీసా?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తలూపాను.

ఆవిడ చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. "అప్పుడు ఒక్క గొట్టమే చేసేను. వట్టి సీసా కుదిపి చూడాలని తోచలేదు. ఖాయంగా చెప్పలేను చెల్లీ. ఆ నురుగు బిడ్డదో కుంకుడుదో ఇప్పుడెవడు చెప్పగలడు?" అంది. తర్వాత నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుని, "మీ అమ్మకి తెలియకూడదు. ఒట్టు. ఆవిడ బతకదు" అంది.

మూడో రోజు ఉదయం ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. గంటయినా మూలగలేదు. సాయంత్రమైనా మూలగలేదు. అందరూ మిఠాయిలు పంచుకుంటుంటే అప్ప మాత్రం పిల్ల పక్కన గడియారం చూసుకుంటూ నిలబడే ఉంది. "పర్వాలేదా అప్పా?" అంటే, "చూద్దాం" అంది.

ఆ పిల్ల బళ్ళో చేరాక, ఎనభైల్లో, ఓ ఆదివారం అప్ప పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ పరుగెత్తడం నేను చూసింది అదొక్కసారే. గేటు కూడా వెయ్యలేదు. అమ్మ వంటింట్లో అట్లు పోస్తోంది. నాన్న పోయాక మా దగ్గరే ఉండేది.

"ఉల్లిపాయ చెక్క దొరికింది చెల్లీ!" అని అరిచింది గుమ్మంలోంచే. "పత్రికలో పడింది. ఆ గదుల్లో కణాలు జిడ్డొక్కటే చెయ్యవు, జిడ్డుని పట్టుకునే ప్రోటీన్లు కూడా చేస్తాయంట. చిన్నచిన్నవి. కొవ్వుని పట్టుకుని గది అంతా పరుస్తాయి. అవి లేకపోతే కొవ్వెంతున్నా ముద్దగా పడి ఉంటాదే గానీ పూత అవ్వదు. ఇంకో రకం ప్రోటీనైతే లోపలికొచ్చిన క్రిముల్ని కూడా పట్టుకుంటుందేమో అనుకుంటన్నారు. చూడు, ఎవడో రాస్తన్నాడని అన్నానా లేదా?"

ఆ సంబరం చూసి నేను నవ్వుతున్నాను. అమ్మ అట్లకాడ పట్టుకుని ఇవతలికి వచ్చింది. ఆవిడకి ఈ చదువులేవీ పట్టవు గానీ పెనం, నూనె, ఉల్లిపాయ అర్థమయ్యాయి.

"అయితే నాకో మాట సెప్పమ్మా. మా పెద్దోడికి ఏటి తక్కువయినాది? నూనా, ఉల్లిపాయా? మీ పరీచ్చలో బాగున్నాదన్నారు కదా, మరెందుకు పోనాడు?"

అప్ప మొహంలో సంబరం అలాగే ఆగిపోయింది. నాకేసి చూసింది. నేను నేలకేసి చూశాను. చెప్పెయ్యొచ్చు అప్పుడు. చెప్పకపోతే పోనీ, మాట మార్చొచ్చు, పెనం మాడుతోందనొచ్చు. నేనేమీ చెయ్యలేదు.

"ఆ రెండూ కాదు పిన్నమ్మా" అంది అప్ప. "పరీక్ష నేను సరిగ్గా చెయ్యలేదు. నాదే తప్పు."

అమ్మ లోపలికెళ్ళి స్టవ్ ఆపింది. తిరిగొచ్చి అంది, "ఇన్నేళ్ళు మా ఇంట్లో అట్టు తిని, కాపీ తాగి, ఇప్పుడా సెప్తావు? నీ సేతుల్లో పోనాడన్నమాట నా మనవడు. నా గుమ్మం తొక్కకు."

గుమ్మం తొక్కలేదు గానీ రావడం మానలేదు ఆవిడ. పిల్లని చూడ్డానికి వచ్చేది, గేటు దగ్గరే నిలబడేది. నేనే గ్లాసు పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. అమ్మ చూస్తుండగా ఆ గ్లాసు వాసన చూసి, తొలిపి, పారబోసి, మళ్ళీ నింపమని నాకందించేది. అమ్మ పళ్ళు కొరికేది. ఈ శుభ్రం ఆ రోజు ఏమయింది అనేది, వినపడేలా. ఆవిడ వినేది. నీళ్ళు తాగి, గ్లాసు నా చేతికిచ్చి, "పిల్లకి దగ్గు లేదు కదా?" అని అడిగి వెళ్ళిపోయేది. అమ్మ పోయేవరకూ అదే వరస. అమ్మ ఎవరికి చెప్పిందో ఎంతమందికి చెప్పిందో నేను అడగలేదు. అమ్మ పోయాక చెప్పేద్దాం అనుకున్నాను. పోయిన మనిషిమీద చెప్పడమేమిటని వాయిదా వేశాను. ఆవిడది పదిహేను నిమిషాల ఆగుడు, నాది ఇన్నేళ్ళు.

మొన్న పదోరోజుకి నందిని వెళ్ళాను, మా అమ్మాయి తీసుకెళ్ళింది. చెట్లమీద ఇప్పటికీ సున్నపు దుమ్మే. మేనల్లుడి భార్య నన్ను చాపమీద కూర్చోబెట్టి, ఓ పాత బిస్కెట్ డబ్బా తెచ్చి చూపించింది. లోపల రెండు చిన్న సీసాలు, మూతులకి కాగితం చుట్టి దారం కట్టి ఉన్నాయి. కాగితం మీద కడిగిన తేదీ రాసుంది, ఆవిడ పోవడానికి నాలుగు రోజుల ముందుది. లేబ్ మూతపడి ఎన్నేళ్ళయిందో! "ప్రతి వారం ఉడకబెట్టేవారు ఆంటీ. ఎవరికైనా అవసరం వస్తే ఇంటి సీసా తేకూడదు అనేవారు. ఎందుకో మాకు తెలీదు" అంది ఆ అమ్మాయి.

చుట్టూ పదిమంది ఆడవాళ్ళున్నారు, అందరూ మనవైపువాళ్ళే. వాళ్ళలో ఒక పెద్దావిడ నిట్టూర్చి, "మంచి మనిషే పాపం. ఆ ఒక్క మచ్చే. ఆవిడ చేతిలో ఎవరిదో పసిబిడ్డ పోయాడంట కదా అప్పట్లో" అంది. మిగతావాళ్ళు అవునవునన్నారు. అందరికీ తెలుసు. నందినిలో ఈ ఇంటిదాకా వచ్చింది మా అమ్మ మాట.

మా అమ్మాయి పక్కనే ఉంది. అమ్మమ్మ అంటే దానికి ప్రాణం.

"ఆ బిడ్డ నా బిడ్డే" అన్నాను. "ఆవిడ తప్పు కాదు. ఆ సీసా మా అమ్మ కుంకుడుకాయలతో కడిగింది. ఆ నురుగే పరీక్షలో వచ్చిందేమో."

మా అమ్మాయి నా మొహంకేసి చూస్తోంది. మేనల్లుడి భార్య డబ్బా మూత పెట్టబోతూ ఆగి అడిగింది.

"అత్తకి ఈ సంగతి తెలుసా ఆంటీ?"

"తెలుసమ్మా" అన్నాను. "ముందు తెలిసింది ఆవిడకే."